తేలు కుట్టిన పిల్లవాడు ఏడవకపోతే!

“తేలు కుట్టిన దొంగ” అని మనలో ఒక మాట వుంది. దొంగతనానికి వెళ్లినవాణ్ణి చీకట్లో తేలు కుట్టింది. అరిస్తే ఇంటివాళ్లు లేస్తారు. అరవకుండా వుందామంటే ప్రాణం పోతోంది. పాపం, పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు. ఈ మాట వింటే మనకు నవ్వొస్తుంది. తేలు కుట్టినవాడు అరవకుండా వుండటం ఎంత కష్టమో మనందరికీ తెలుసు గనుక.

కాని తేలు కుట్టినా అరవని మనిషిని నేను నా కళ్లతో చూశాను. వాడు దొంగ కాదు. ఏడేళ్ల పిల్లవాడు. వాడు ఏడవడం లేదు గనుక భయం లేదని వాడి తండ్రీ అనుకున్నాడు, డాక్టరునైన నేనూ అనుకున్నాను. ఆ పొరపాటు ఏమిటో, దాని వెనక మన నరాల్లో జరిగే సంగతి ఏమిటో ఈ వారం మీకు చెబుతాను. మీ ఇంట్లో పిల్లలుండి, పెరట్లో కట్టెల మోపో, ఇటుకల దొంతరో, గడ్డివామో వుంటే దయచేసి ఇది చివరిదాకా చదవండి.

మండ్రగబ్బ కుట్టిన రాత్రి

ముందు నా కథ చెబుతాను. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. నాకు పదేళ్లప్పుడు, ఒక సాయంత్రం గేదెకు గడ్డి దూసుకురమ్మని నాయనమ్మ పంపింది. చెప్పుల్లేని కాలు గడ్డివామి మొదట్లో పెట్టానో లేదో, బొటనవేలి మీద నిప్పుకణిక పెట్టినట్టయింది. కిందికి చూస్తే నల్లగా, పీతంత డెక్కలతో మండ్రగబ్బ!

నా కేకలకు వీధి వీధంతా వచ్చింది. నొప్పి పాదం నుంచి పిక్కలోకి, పిక్క నుంచి తొడలోకి పాకింది. నాయనమ్మ ఉల్లిపాయ కోసి రుద్దింది. మా మేనత్త చింతగింజ అరగదీసి అంటించింది. పక్కింటాయన పర్మాంగనేటు పలుకులు పెట్టి నిమ్మరసం పిండాడు. అది చుర్రుమని ఇంకా మండింది. చివరికి నాన్న వెళ్లి మంత్రం వేసే తాతను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన వేపమండతో తొడ దగ్గర్నుంచి కిందికి దులుపుతూ, “ఎక్కడిదాకా దిగిందిరా?” అని మాటిమాటికీ అడిగేవాడు. “మోకాలి దాకా,” అన్నాను. అర్ధరాత్రి దాటాక, “చీలమండ దాకా,” అన్నాను. తెల్లారేసరికి నొప్పి వేలి చివరకు చేరింది. తాతకు కొబ్బరికాయ, పావలా దక్కాయి. ఆయన మంత్రానికి తిరుగులేదని వూరంతా అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

అసలు సంగతి డాక్టరు చదువు చదివాక గాని తెలియలేదు. మండ్రగబ్బ చూడటానికి భయంకరంగా వుంటుంది గాని దాని విషం సాధారణంగా ప్రాణం తీసేది కాదు. దాని పోటు కొన్ని గంటలు, మహా అయితే ఒక రోజు వుండి తనంతట తనే పోతుంది. ఆ రాత్రి ఉల్లిపాయ రుద్దినా, మంత్రం వేసినా, ఏమీ చేయకుండా నన్ను మంచాన పడుకోబెట్టినా తెల్లారేసరికి తగ్గేదే. తగ్గేదాన్ని తగ్గించిన కీర్తి ఎవరో ఒకరికి దక్కాలి గదా!

ఇక్కడితో అయితే ఇదొక సరదా కథ. కాని ఈ అనుభవం నా మనసులో ఒక తప్పుడు లెక్క నాటింది. నొప్పి ఎంతుంటే విషం అంత, నొప్పి లేకపోతే విషం లేదు, అని. మీలో చాలామందికి ఇదే లెక్క వుండి వుంటుంది.

“నొప్పి లేదన్నాడు గదండి!”

1981లో, చదువు ముగించిన కొత్తల్లో, బాపట్ల ప్రాంతంలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. వేసవి చివరి రోజులు. రాత్రి ఎనిమిది గంటలప్పుడు సముద్రం వైపు పల్లె నుంచి ఒకాయన కొడుకును సైకిలు మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. తాటాకు ఇంటి చూరులో పెట్టిన బంతి తీయబోతే చేతివేలి మీద తేలు కుట్టిందట. చిన్నదేనట, ఎర్రగా వుందట.

పిల్లవాడు బల్ల మీద బుద్ధిగా కూర్చున్నాడు. ఏడవడం లేదు. “నొప్పిగా వుందా బాబూ?” అని అడిగాను. తల అడ్డంగా వూపాడు. వేలు వాచలేదు, కమలలేదు. చొక్కా మాత్రం పిండితే నీళ్లు కారేంతగా తడిసిపోయింది. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడని తండ్రి చెప్పాడు. చెయ్యి పట్టుకుంటే కుండలో నీళ్లలా చల్లగా తగిలింది. వేసవి గదా, చెమట పట్టింది, పిల్లవాడు భయపడ్డాడు, అందుకే చేతులు చల్లబడ్డాయి అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. ఆ రోజుల్లో వాడుకగా ఇచ్చే అలర్జీ సూది ఒకటి, స్టెరాయిడ్ సూది ఒకటి చేశాను. “నొప్పి లేదు గనుక భయం లేదు. పొద్దున ఒకసారి తీసుకురా,” అని పంపేశాను.

తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ తీసుకొచ్చాడు. పిల్లవాడికి వూపిరి అందడం లేదు. దగ్గుతుంటే నోటి వెంట గులాబీరంగు నురగ వస్తోంది. నాడి దొరకడం లేదు. నాకు తెలిసినవన్నీ చేశాను. సూర్యోదయానికి ముందే పోయాడు.

తండ్రి నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. “రాత్రి నొప్పి లేదన్నాడు గదండి డాక్టరు గారూ!” అన్నాడు. అంతే. ఆ మాట నలభై ఏళ్లు దాటినా నా చెవిలో వుంది.

పంటకాలువ తూము, మురుగుకాలువ తూము

ఏమి జరిగిందో తెలియాలంటే నొప్పి అనేది ఒంట్లో ఎలా ప్రయాణం చేస్తుందో కాస్త తెలియాలి. భయపడకండి, పాఠం చెప్పను. మన డెల్టా రైతుకు తెలిసిన భాషలోనే చెబుతాను.

నొప్పి, వేడి, చలి, స్పర్శ వంటి కబుర్లు మోసుకుపోయే నరాలను జ్ఞాననాడులు అంటారు. ఇవి కణాలతో తయారైనవే. కాని కణమంటే కంటికి కనబడని చుక్క అనుకునేరు. కాలి బొటనవేలి చివర మొదలై నడుము దగ్గర వెన్నుపూస పక్కన వుండే చిన్న ముడి దాకా సాగే జ్ఞాననాడి కణం పెద్దవాళ్లలో దాదాపు ఒక మీటరు పొడుగు వుంటుంది. ఒకే ఒక్క కణం! సన్నని దారం లాంటి ఆ కణం చుట్టూ పలుచని పొర వుంటుంది.

ఆ పొర లోపల పొటాషియం ఎక్కువ. బయట వున్నదానికి సుమారు 30 రెట్లు. పొర బయట సోడియం ఎక్కువ. లోపల వున్నదానికి సుమారు 10 రెట్లు. సోడియం మనం తినే వుప్పులో వున్నదే. పొటాషియం అంటే మనవాళ్లకు బావిలో వేసే ఊదారంగు పర్మాంగనేటు గుర్తుకొస్తుంది. అరటిపండులోనూ, కొబ్బరినీళ్లలోనూ వున్నది కూడా ఆ పొటాషియమే. పొరలో అక్కడక్కడా అతి సూక్ష్మమైన ద్వారాలు వుంటాయి. కొన్ని సోడియానికే దారి ఇస్తాయి. కొన్ని పొటాషియానికే దారి ఇస్తాయి.

ఇప్పుడు కృష్ణా పశ్చిమ డెల్టాలో మీ చేను వుందనుకోండి. ఒక గట్టున పంటకాలువ తూము. రెండో గట్టున మురుగుకాలువ తూము. పై తూము ఎత్తితే నీళ్లు లోపలికి వస్తాయి. చాలనుకున్నప్పుడు అది దించి, కింది తూము ఎత్తితే ఎక్కువ నీరు బయటికి పోయి చేను మామూలవుతుంది. జ్ఞాననాడి పనిచేసేదీ ఇలాగే. వేలికి ముల్లు గుచ్చుకోగానే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. బయటి సోడియం లోపలికి దూకుతుంది. అదే విద్యుత్తు. అదే నొప్పి కబురు. సెకనులో వెయ్యో వంతు గడిచేసరికి సోడియం ద్వారం మూసుకుపోతుంది. వెంటనే పొటాషియం ద్వారాలు తెరుచుకుని లోపలి పొటాషియం బయటికి పోతుంది. నాడి చల్లబడి తరువాతి కబురు కోసం సిద్ధంగా కూర్చుంటుంది. ఈ సంగతి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద ప్రయోగాలు చేసి 1952లో ప్రకటించారు. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

అంటే పొటాషియం ద్వారం నాడిని శాంతపరిచే ద్వారమన్నమాట. అది సరిగా తెరుచుకున్నంత కాలం నాడి అవసరమైనప్పుడే మాట్లాడుతుంది.

తేలు ఏం చేస్తుంది? దాని విషంలో ఒకటి కాదు, ఎన్నో పదార్థాలున్నాయి. కొన్ని సోడియం ద్వారం మూసుకోకుండా అడ్డం పడతాయి. మరికొన్ని సరిగ్గా పొటాషియం ద్వారం నోట్లోకి దూరి సీసాకు బిరడాలా బిగుసుకుంటాయి. పంటకాలువ తూము ఎత్తేసి, మురుగుతూముకు గోనెగుడ్డ కుక్కినట్టు! ఇక చేను మునగక ఏమవుతుంది? “తేలుకు పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టింది” అన్నారు పెద్దలు. నరంలో జరిగేది అక్షరాలా అదే. ఒకసారి చెప్పవలసిన నొప్పి కబురును నాడి వందలసార్లు చెబుతూనే వుంటుంది.

మన దేశపు ఎర్రతేలు విషంలోంచి ఇలా పొటాషియం ద్వారాన్ని మూసే పదార్థాన్ని ఒకదాన్ని 1990లో వేరుచేసి దానికి ఐబీరియోటాక్సిన్ అని పేరు పెట్టారు. ఈనాడు ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలల్లో పొటాషియం ద్వారాలను పరీక్షించడానికి దీన్ని వాడుతున్నారు. పొటాషియం ద్వారం ఆకారాన్ని 1998లో బయటపెట్టి, 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న రోడరిక్ మకిన్నన్ కూడా ఆ ద్వారం నోరు ఎక్కడుందో వెతకడానికి మొదట వాడిన పనిముట్టు మరో జాతి తేలు విషమే. మన చూరులో దాక్కునే పురుగు జాతి శాస్త్రానికి అంత సేవ చేసింది!

నొప్పి వేరు, తుఫాను వేరు

అంతా జ్ఞాననాడుల్లోనే జరిగితే నొప్పితో పోయేది. కాని సోడియం, పొటాషియం ద్వారాలు ఒంట్లో ప్రతి నాడికీ వున్నాయి. గుండెనూ, రక్తనాళాలనూ, చెమట గ్రంథులనూ నడిపించే నాడులు మన ప్రమేయం లేకుండా పనిచేస్తుంటాయి. వీటిలో ముఖ్యమైనవి సహానుభూత నాడులు. ఎద్దు పొడవడానికి వస్తే గుండె దడదడలాడేది వీటి వల్లనే.

ఎర్రతేలు విషం రక్తంలో కలిసి ఈ నాడులను పట్టుకుంటే అవన్నీ ఒకేసారి గోల మొదలుపెడతాయి. ఒంట్లో ఎడ్రినలిన్, దాని తోబుట్టువు నార్ ఎడ్రినలిన్ వరదలా విడుదలవుతాయి. చెమట ధారలు కడుతుంది. వాంతులవుతాయి. నోట్లో నీళ్లూరుతాయి. మగపిల్లల్లో అంగం గట్టిపడి అలాగే వుండిపోతుంది. చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుపోయి చేతులు, పాదాలు చల్లబడతాయి. రక్తపోటు పెరుగుతుంది. బిగుసుకున్న నాళాల్లోకి రక్తాన్ని తోయలేక, తోయలేక గుండె అలసిపోతుంది. అప్పుడు వూపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆ గులాబీరంగు నురగ అదే.

ఇవన్నీ నేను పుస్తకంలో చదివింది ఆ పిల్లవాడు పోయాకనే. విచిత్రమేమంటే, ఈ తుఫాను రేగినవాళ్లలో చాలామందికి కుట్టినచోట నొప్పి అంతగా వుండదు. కుయ్యో మొర్రో అని గోల పెడుతూ, ఒళ్లు వెచ్చగా వున్నవాడికి సాధారణంగా ప్రమాదం లేదు. నొప్పి లేదంటూ చెమటలు కక్కుతూ, పాదాలు చల్లబడి, మాట్లాడకుండా కూర్చున్నవాడికే ప్రమాదం. తుఫానుకు ముందు గాలి స్తంభించిపోతే సముద్రపు ఒడ్డున వున్నవాళ్లు భయపడతారు. ఆ భయం ఇక్కడా వుండాలి.

మహాడ్ డాక్టరు చూపిన దారి

ఈ విషయం లోకానికి చెప్పినవాడు ఏ మహానగరపు ప్రొఫెసరో కాదు. మహారాష్ట్రలో కొంకణ తీరాన, మహాడ్ ప్రాంతంలో పల్లె వైద్యం చేసుకునే డాక్టరు హిమ్మత్‌రావు బావస్కర్. 1970లలో ఆయన కళ్ల ముందు కూడా పిల్లలు ఇలాగే నురగలు కక్కుతూ పోయారు. ఆయన ఆసుపత్రిలోనే వుండి, తేలు కుట్టిన రోగుల మంచాల పక్కన రాత్రిళ్లు కూర్చుని, ఏ గంటకు ఏమవుతున్నదో రాసిపెట్టాడు. బిగుసుకున్న రక్తనాళాలను వదులుచేస్తే గుండె తేరుకుంటుందని గ్రహించాడు. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే చిన్న మాత్ర ఆ పని చేస్తుందని కనిపెట్టాడు. 1986లో లండన్ నుంచి వెలువడే లాన్సెట్ పత్రికలో ఆ సంగతి ప్రకటించాడు. ప్రాజోసిన్ రాకముందు పశ్చిమ భారతంలో ఎర్రతేలు విషం ఎక్కినవాళ్లలో నూటికి 25 నుంచి 30 మంది పోయేవారనీ, తరువాత ఆ సంఖ్య నూటికి ఒకటి కంటే తగ్గిందనీ ఆయన రాశాడు. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ప్రాజోసిన్ ఎలా పనిచేస్తుంది? నార్ ఎడ్రినలిన్ వచ్చి రక్తనాళాల మీద కూర్చునే పీటలను ఇది ముందే ఆక్రమించుకుంటుంది. వరద వచ్చినా దిగేందుకు చోటు దొరకదు. నాళాలు వదులవుతాయి, గుండె బరువు తగ్గుతుంది. విషం మూసిన పొటాషియం ద్వారాలు మళ్లీ పనిచేయడానికి కూడా ఈ మందు తోడ్పడుతుందని బావస్కర్ రాశాడు. తేలు విషానికి విరుగుడు సూది కూడా మన దేశంలో తయారవుతోంది. ప్రాజోసిన్ ఒక్కటే ఇచ్చినవాళ్ల కంటే, దానితోపాటు విరుగుడు సూది కూడా ఇచ్చినవాళ్లు తొందరగా కోలుకున్నారని ఆయనే 2011లో ప్రకటించాడు. పాముకాటుకు ఇచ్చే సూది మాత్రం తేలుకు పనికిరాదు. అది వేయమని డాక్టరును బలవంతపెట్టకండి.

ఏ మందు ఏ ద్వారం మీద?

“నొప్పి తగ్గడానికి ఒక ఇంజెక్షను చెయ్యండి డాక్టరు గారూ!” తేలు కుట్టినవాళ్ల బంధువులు మొదట అడిగేది ఇదే. తప్పులేదు. కాని ఏ మందు ఏం చేస్తుందో తెలిస్తే మీకు ధైర్యం, మాకు సుఖం.

పన్ను పీకేటప్పుడు చిగురుకు వేసే మొద్దుబార్చే సూది వుంది గదా, లిగ్నోకెయిన్, అది సోడియం ద్వారాన్ని మూస్తుంది. కుట్టినచోట వేస్తే నొప్పి హాయిగా తగ్గుతుంది. అయితే అది వేలి దగ్గర జ్ఞాననాడిని నిద్రపుచ్చుతుందే గాని రక్తంలో కలిసిన విషాన్ని ఏమీ చేయదు. మార్ఫిన్ జాతి మందులు నాడుల మీద కొన్ని పొటాషియం ద్వారాలను తెరుస్తాయి. పొటాషియం బయటికి పోయి నాడి శాంతిస్తుంది, నొప్పి తగ్గుతుంది. వినడానికి ఇదే అసలైన విరుగుడులా వుంది. కాని అవి మెదడులో వూపిరి నడిపించే కేంద్రాన్ని కూడా శాంతింపజేస్తాయి. అందుకే ఎర్రతేలు కుట్టినవాళ్లకు వాటిని వాడవద్దంటారు. ఇక నేను 1981లో చేసిన అలర్జీ సూది, స్టెరాయిడ్ సూది ఈ విషానికి విరుగుడు కానే కావు. పైగా కొన్ని అలర్జీ మందులకు పొటాషియం ద్వారాలను మూసే గుణం వుంది. విషం చేస్తున్న పనికి అవి అడ్డుపడవు సరిగదా, దానికే వత్తాసు పలుకుతాయి.

పొటాషియం ద్వారాలు నరాల్లోనే లేవు. చక్కెరజబ్బుకు ఎందరో వేసుకునే గ్లిబెన్‌క్లమైడ్ బిళ్ల క్లోమంలో పొటాషియం ద్వారాన్ని మూసి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. గుండెనొప్పికి ఇచ్చే నికొరాండిల్ రక్తనాళాల్లో పొటాషియం ద్వారాన్ని తెరుస్తుంది. ఆ బిళ్ల మొదలుపెట్టినప్పుడు తలనొప్పి వచ్చేది నాళాలు వదులవడం వల్లనే. పొటాషియం ద్వారాన్ని తెరిచి నాడిని శాంతపరిచే మందులంటూ రెండు వచ్చాయి. మూర్ఛకు వచ్చిన రెటిగాబిన్ కంటిపొరకు, చర్మానికి నీలిరంగు తెచ్చింది. దాన్ని 2017లో మార్కెట్టు నుంచి తీసేశారు. నొప్పికి వచ్చిన ఫ్లూపిర్టిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుందని 2018లో ఐరోపా దేశాల్లో ఆపేశారు. ఒక ద్వారం కోసం చేసిన తాళంచెవి మరో గదిని కూడా తెరుస్తుంది. అందుకే మందుల షాపులో “గట్టి నొప్పి బిళ్ల ఒకటివ్వు” అని అడిగి మింగే అలవాటు మంచిది కాదంటాను.

ఆ పాప ఏడ్చింది

ఆ తరువాత నేను తెనాలి వచ్చి స్థిరపడ్డాను. బావస్కర్ వ్యాసాన్ని పాత పత్రికల కట్టలోంచి తీసి నాకిచ్చినవారు నాకంటే పెద్దవారైన ఒక డాక్టరు గారు. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. చల్లటి చేతులు, చెమట, వాంతులు, నొప్పి లేకపోవడం... నా పిల్లవాడి కథే అందులో అచ్చయి వుంది.

1994లో ఒక సాయంత్రం రేపల్లె అవతలి పల్లె నుంచి తొమ్మిదేళ్ల పాపను కారులో తీసుకొచ్చారు. తల్లి, అమ్మమ్మ వెంట వున్నారు. పొయ్యిలోకి కట్టెలు తీస్తుంటే వేలి మీద కుట్టింది. “నొప్పి లేదంటోందండి, కాని అదోలా చూస్తోందండి,” అంది తల్లి. నేను మాట్లాడకుండా ముందు పాదాలు పట్టుకుని చూశాను. మంచుగడ్డల్లా వున్నాయి. ఒళ్లంతా చెమట.

పాపను ఇంటికి పంపలేదు. ప్రాజోసిన్ బరువును బట్టి లెక్కకట్టి నోట్లో వేయించాను. ఆ మందుకు రక్తపోటు పడిపోయే అవకాశం వుంది గనుక పాపను లేపకూడదని, పడుకునే వుండాలని గట్టిగా చెప్పాను. మూడేసి గంటలకొకసారి మళ్లీ మందు. తల్లికి ఒక పని అప్పగించాను. “అమ్మా, నువ్వు ఈ పాదాలు పట్టుకుని కూర్చో. ఎప్పుడు వెచ్చబడితే అప్పుడు నన్ను పిలు.”

రాత్రి రెండున్నరకు పిలిచింది. “డాక్టరు గారూ, మడమలు కాస్త వెచ్చగా వున్నట్టున్నాయండి.” పట్టుకుని చూశాను. నిజమే. ఐదింటికి వేళ్లు కూడా వెచ్చబడ్డాయి. ఇంకో అరగంటకు పాప కళ్లు తెరిచి, వేలు పట్టుకుని, “అమ్మా, మండుతోందే!” అని బావురుమంది. అమ్మమ్మ గుండె బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. “అయ్యో బాబూ, విషం మళ్లీ ఎక్కుతోందయ్యా!”

“లేదు మామ్మగారూ, దిగుతోంది. ఏడవనివ్వండి,” అన్నాను. తుఫాను వెలిశాక కుట్టినచోట నొప్పి తిరిగి తెలియడం కోలుకుంటున్నదానికి గుర్తు అని కూడా ఆ వ్యాసంలో వుంది. ఆ ఏడుపు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. కాసేపు విని, అప్పుడు వేలికి మొద్దుబార్చే సూది వేశాను.

మీరు చేయవలసింది

తేలు కుట్టగానే మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. చేతికి కుట్టితే ఉంగరాలు, గాజులు తీసేయండి. కుట్టినచోట గుడ్డలో చుట్టిన మంచుముక్క పెడితే నొప్పి కొంత తగ్గుతుంది. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, పర్మాంగనేటు పెట్టడం చేయకండి. కుట్టిన వేళ గుర్తుపెట్టుకోండి. తేలును పట్టి తీసుకురావద్దు. డెక్కలు సన్నగా, తోక లావుగా వుంటే ప్రమాదకరమైన జాతి కావచ్చు. డెక్కలు లావుగా, తోక సన్నగా వుంటే సాధారణంగా ప్రమాదం తక్కువ. కాని చీకట్లో ఈ తేడా చూడగలమా? అందుచేత దాని మీద ఆధారపడకండి.

చిన్నపిల్లలైతే నొప్పి వున్నా లేకపోయినా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పెద్దవాళ్లలోనైనా చెమటలు, వాంతులు, నోట్లో నీళ్లూరడం, పాదాలు చల్లబడటం, గుండెదడ, ఆయాసం వీటిలో ఏది కనబడినా ఆలస్యం వద్దు. వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి. తెలివిగా వుంటే కొద్దికొద్దిగా నీళ్లో, ఓ.ఆర్.ఎస్. నీళ్లో తాగించవచ్చు. మగతగా వుంటే నోట్లో ఏమీ పోయకండి. డాక్టరు ఒక రోజు వుండమంటే వుండండి. “నొప్పి లేదు గదా, తీసుకుపోతాం” అనకండి. ప్రాజోసిన్ మాత్రను కొని ఇంట్లో పెట్టుకుని మీ అంతట మీరు వేయకండి. మోతాదు తప్పితే రక్తపోటు పడిపోయి మరో ప్రమాదం వస్తుంది. మంత్రం వేయించుకోవాలని మనసుంటే, ఆసుపత్రి మంచం మీద పడుకోబెట్టాక వేయించండి. నాకేమీ అభ్యంతరం లేదు.

పిల్లల మంచం గోడకు, చూరుకు దూరంగా వేయండి. దోమతెర దోమలకే కాదు, తేళ్లకూ అడ్డే. చెప్పులు, బూట్లు దులిపి వేసుకోండి. కట్టెలు, ఇటుకలు తీసేటప్పుడు పిల్లలను పంపకండి. గోడ పగుళ్లు పూడ్చండి. నోట్లు పరీక్షించే అతినీలలోహిత కాంతి టార్చి ఒకటి వుంటే చీకట్లో వేసి చూడండి. ఆ వెలుగులో తేలు పచ్చగా మెరుస్తూ పట్టుబడిపోతుంది.

బాపట్లలో ఆ తండ్రికి ఆ రాత్రి నేను చెప్పవలసి వుండి చెప్పలేని మాట ఒకటుంది. అది మీకు చెప్పి ముగిస్తాను. తేలు కుట్టిన బిడ్డను “నొప్పి వుందా?” అని అడిగి వూరుకోకండి. వంగి, పాదాలు పట్టుకుని చూడండి. చల్లగా వుంటే తెల్లారేదాకా ఆగకండి.